వాగ్దానం కార్డు సరే, మరి రోజువారీ చిక్కులకు బైబిల్లో దారి వెతకడం ఎలా?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు బెజవాడలోనూ గుంటూరులోనూ మందిరాలు కిటకిటలాడతాయి. పన్నెండు దాటాక కొత్త ఏటికి ఒక బైబిలు వచనం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు తీసుకుని, ఫోను వెనక కవర్లో పెట్టుకుని ఇంటికెళ్తాం. కార్డు మంచిదే. కానీ ఫిబ్రవరిలో తోడల్లుడు వచ్చి "అన్నయ్యా, చీటీ పాడుకున్నాను, ష్యూరిటీ సంతకం పెట్టాలి" అంటాడు. కార్డు చూస్తే "భయపడకుము" అని ఉంటుంది. సంతకం పెట్టడానికి భయపడొద్దనా, పెట్టనని చెప్పడానికి భయపడొద్దనా?

ఇలాంటప్పుడు కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ వచనమే జవాబు అనుకునేవాళ్ళు చాలామంది. అంతకంటే నమ్మకమైన పద్ధతి ఉంది. కొంచెం ఓపిక కావాలి.

1. ముందు ప్రశ్న కాగితం మీద పెట్టండి

"నా జీవితం పట్ల దేవుని చిత్తమేమిటి?" అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "జీతం సర్టిఫికెట్ ఇచ్చి తోడల్లుడి చీటీకి సంతకం పెట్టాలా?" అని రాసుకుంటే వెతకడానికి దారి దొరుకుతుంది. రాసేటప్పుడు మీకు ఏ జవాబు రావాలని ఉందో అది కూడా పక్కనే రాయండి. మనసులో ముందే తీర్మానం చేసుకుని, దానికి తగ్గ వచనం కోసం పేజీలు తిప్పడం మనకి బాగా అలవాటు. కాగితం మీద ఉంటే ఆ ఆట సాగదు.

2. ఎక్కడ చదవాలో తెలుసుకోండి

డబ్బు, నోరు, పని, స్నేహాలు: ఈ నాలుగింటికీ సామెతల గ్రంథం. 31 అధ్యాయాలు కాబట్టి తేదీని బట్టి రోజుకొకటి చదివేయొచ్చు, ఈ రోజు 14 అయితే 14వ అధ్యాయం. యాకోబు పత్రిక ఐదే అధ్యాయాలు. గుంటూరులో ప్యాసింజరు ఎక్కితే బెజవాడలో దిగేలోపు అయిపోతుంది. మనిషితో మాటా మాటా వచ్చినప్పుడు మత్తయి 18, రోమా 12. దుఃఖంలో ఉంటే కీర్తనలు 13, 42, 88. ఈ 88వ కీర్తన చివరి దాకా చీకటిగానే ఉంటుంది, ఓదార్పు మాటతో ముగియదు. ఏడుస్తున్న మనిషి దగ్గర అదే చదవొచ్చని నా అభిప్రాయం. మిర్చి యార్డులో కాటా పెట్టేవాళ్ళకీ, కిరాణా కొట్టు నడిపేవాళ్ళకీ లేవీయకాండం 19, సామెతలు 11. దొంగత్రాసు దేవునికి అసహ్యమని సామెతలు 11 మొదటి వచనంలోనే ఉంది.

పాత అనువాదం భాష పిల్లలకి కొరుకుడు పడకపోతే వాడుక భాషలో వచ్చిన బైబిలు పక్కన పెట్టుకోండి. చదవడం రానివాళ్ళు ఫోన్లో ఆడియో వినొచ్చు.

3. వచనం ఆగిన చోట మీరు ఆగకండి

యిర్మీయా 29:11 మన గోడ క్యాలెండర్ల మీద కనబడని ఇల్లు తక్కువ. మీ పట్ల నాకు సమాధానకరమైన, అంటే మేలు చేసే, ఉద్దేశాలున్నాయని దేవుడు చెప్పే మాట అది. అధ్యాయం మొదటి నుంచి చదివితే, బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకి యెరూషలేము నుంచి ప్రవక్త రాసిన ఉత్తరమని తెలుస్తుంది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి, తిరిగి రావడానికి 70 ఏళ్ళు పడుతుంది అని ఉంటుంది. వచ్చే నెల వీసా వస్తుందని ఆ వచనం పట్టుకుని కూర్చున్న కుర్రాడికి అధ్యాయం మొత్తం వేరే మాట చెబుతుంది: ఉన్న ఊళ్ళో, ఉన్న పని బాగా చెయ్యి.

అన్నట్టు, మత్తయి 4లో సాతాను కూడా కీర్తన 91 నుంచి వచనం చెప్పే యేసును శోధించాడు. వచనం చూపించినంత మాత్రాన సరిపోదు.

4. ఒకే విషయం మీద నాలుగు చోట్ల చదవండి

మన ష్యూరిటీ సంగతే తీసుకుందాం. సామెతలు 6లో మొదటి ఐదు వచనాలు దీని గురించే. చెలికాని కోసం పూటపడి, అంటే హామీ ఉండి, మాట ఇచ్చి చిక్కుకున్నావా, వేటగాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు తప్పించుకో, వెళ్ళి బతిమాలుకో, అందాకా నిద్రపోవద్దు అంటుంది. 22:27 ఇంకా సూటిగా, కట్టడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కింద పరుపు పట్టుకుపోతారు అంటుంది.

ఇక్కడితో ఆపితే "బైబిలు వద్దంది" అని చెప్పేసి తలుపేసుకోవచ్చు. ఆదికాండం 43 కూడా తీయండి. తమ్ముడు బెన్యామీను కోసం పూటపడింది అన్న యూదా. తర్వాతి అధ్యాయంలో ఆ మాట నిలబెట్టుకోవడానికి తమ్ముడి బదులు తానే దాసుడిగా ఉంటానన్నాడు. ఫిలేమోను పత్రికలో పౌలు, ఫిలేమోను దాసుడైన ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే నా లెక్కలో వెయ్యి, నేనే తీరుస్తానని స్వహస్తంతో రాశాడు. కతోలిక బైబిలు చదివే గుణదల వైపు వాళ్ళకి సీరా గ్రంథం 29 కూడా ఉంది. అది రెండు మాటలూ అంటుంది: మంచివాడు పొరుగువాడికి పూట ఉంటాడు, పూట ఉండి కొంపలు ముంచుకున్నవాళ్ళూ చాలామంది. శక్తి కొద్దీ సాయం చెయ్యి, నువ్వు పడిపోకుండా చూసుకో అని కూడా అంటుంది.

నాలుగూ కలిపి చదివాక నాకు అర్థమయ్యేది ఇది. యూదా, పౌలు ఇద్దరూ మొత్తం తామే కట్టాల్సి వస్తుందని తెలిసి ముందుకొచ్చారు. సామెతలు హెచ్చరించేది మొహమాటానికి సంతకం పెట్టేవాణ్ణి. కాబట్టి తోడల్లుడు ఒక్క వాయిదా కూడా కట్టకపోతే ఆ మొత్తం నా జీతంలోంచి పోయినా ఇల్లు గడుస్తుందా అని లెక్క వేయండి, భార్యాభర్తలిద్దరూ కూర్చుని. గడిస్తే పెట్టండి. గడవకపోతే, ఇవ్వగలిగింది చేతిలో పెట్టి, "సంతకం మాత్రం కుదరదు తమ్ముడూ" అని ఎదురుగా చెప్పండి. ఫోన్ ఎత్తకుండా తప్పించుకోవడం ఆ నాలుగు చోట్లా లేదు.

5. ఇంకొకరితో సరిచూసుకోండి

పాస్టరుగారితోనో, సంఘ పెద్దతోనో, స్త్రీల సమాజంలో అనుభవం ఉన్న అమ్మగారితోనో. మీరు ఏమన్నా తల ఊపేవాళ్ళ దగ్గరికి వద్దు. "నీ గురించి దర్శనం వచ్చింది" అంటూ కానుక అడిగేవాళ్ళ దగ్గరికి అసలే వద్దు. బెరయ ఊరివాళ్ళు పౌలు చెప్పినదాన్నే రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17:11 మెచ్చుకుంటుంది. మనం ప్రసంగీకుణ్ణి సరిచూస్తే తప్పేంటి?

ప్రార్థన చేయించుకున్నామని బీపీ, షుగరు మాత్రలు ఆపేసేవాళ్ళు యెషయా 38:21 చదవాలి. జబ్బుపడిన రాజు హిజ్కియా ప్రార్థనకు దేవుడు జవాబిచ్చాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని ప్రవక్త యెషయా చెప్పాడు.

6. సాయంత్రంలోపు ఒక్క పని చేయండి

చదివినదాంట్లో ఈ రోజే చేయగలిగింది ఒకటి ఎంచుకోండి. కూలివాడి కూలి తెల్లవారే దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13 అంటోంది. మిరపకాయ కోతకొచ్చినవాళ్ళకి "రేపు చూద్దాంలే" అన్నారా? పొలం గట్టు మీదే ఇచ్చేయండి.

7. వాక్యం చెప్పని చోట

అన్నిటికీ వచనం ఉండదు. విధవరాలు ప్రభువునందు తనకిష్టమైనవాణ్ణి పెళ్ళాడొచ్చని 1 కొరింథీ 7:39 ఎంపిక ఆమెకే వదిలేసింది. ఇల్లు గోరంట్లలో తీసుకోవాలా, నల్లపాడులోనా అని ఉపవాసం ఉండి వచనం వెతకక్కర్లేదు. అద్దె, పిల్లల బడి దూరం, కుళాయి నీళ్ళు చూసుకుని అడ్వాన్సు ఇచ్చేయండి.