ఇల్లు లేనివాళ్ళ ఓటు ఎక్కడ ఆగుతోంది? గోదావరి గట్ల మీది సమస్యలు, పరిష్కారాలు

రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీదా, కోటిపల్లి బస్టాండ్ దగ్గరా, డెల్టా కాలువ గట్ల మీద పట్టాలు కప్పిన గుడిసెల్లోనూ రాత్రిళ్ళు గడిపేవాళ్ళని ఓటు సంగతి అడగండి. “ఇల్లే లేదండి, ఇంక ఓటెక్కడిది” అంటారు. ఆ మాట ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నదే గానీ చట్టంలో లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చూసేది మనిషి భారత పౌరుడా, పద్దెనిమిదేళ్ళు నిండాయా, ఆ నియోజకవర్గంలో మామూలుగా ఉంటున్నాడా అన్నదే. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని 20వ సెక్షన్ తేల్చేసింది. అమలాపురంలో మేడ కట్టి, తాళం వేసి, హైదరాబాదులో కాపురం ఉంటున్నాయన కంటే ఆ మేడ అరుగు మీద రోజూ పడుకునే మనిషికే అక్కడ ఓటు అడిగే హక్కు ఎక్కువ.

సమస్య: “అడ్రస్ ప్రూఫ్ లేదు, ఫారం తీసుకోం” అన్నారు

కారణం: కొత్త ఓటుకి ఇచ్చే ఫారం 6లో చిరునామా పత్రాల జాబితా ఉంటుంది. ఫారం తీసుకునేవాళ్ళు దాన్నే చూస్తారు. ఇల్లు లేనివాళ్ళకి ఎన్నికల సంఘం వేరే దారి పెట్టిందని చాలామందికి తెలియదు. ఆ దారి ఇది: ఫారంలో రాసిన చోటికి బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్ఓ, రాత్రిపూట వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడ పడుకుంటున్నాడో లేదో చూడాలి. ఒక్క రాత్రి చూస్తే చాలదు, ఒకటికి మించి రావాలి. నిజమని తేలితే చిరునామాకి ఏ కాగితమూ అక్కర్లేదు.

పరిష్కారం: ఆన్‌లైన్‌లో పత్రాలు ఎక్కించే దగ్గరే చాలామంది ఆగిపోతారు కాబట్టి కాగితం ఫారమే మేలు. చిరునామా గడి ఖాళీగా వదలొద్దు. “ఇల్లు లేదు, రాత్రిళ్ళు ఫలానా గుడి ప్రహరీ పక్కన, ఫలానా టీ బడ్డీ ఎదురుగా పడుకుంటాను” అని, కరెంటు స్తంభం నెంబరు ఉంటే అది కూడా రాయండి. మున్సిపాలిటీ నిరాశ్రయుల వసతి గృహంలో ఉంటే ఆ చిరునామా చాలు. ఫారం ఇచ్చాక అడుగున ఉండే రసీదు ముక్క తప్పకుండా చింపించుకోండి. అది లేకపోతే రేపు మీరు ఫారం ఇచ్చారనే ఆధారమే ఉండదు.

ఇంకో మాట. రాజమండ్రి సిటీ, రాజమండ్రి రూరల్ రెండు వేర్వేరు నియోజకవర్గాలు. ధవళేశ్వరం రూరల్‌లోకి వస్తుంది. పడుకునే చోటు ఏ బూత్ కిందికి వస్తుందో ఓటరు హెల్ప్‌లైన్ 1950 నెంబరుకి ఫోన్ చేసి ముందే కనుక్కుంటే ఫారం ఈ ఆఫీసుకీ ఆ ఆఫీసుకీ తిరగదు.

సమస్య: బీఎల్ఓ వచ్చి “మనిషి లేడు” అని రాసేశారు

నా లెక్కన ఎక్కువ ఓట్లు పోయేది ఇక్కడే. కారణం సాదాసీదాది. బీఎల్ఓ పగలు వచ్చారు, ఓటుకి ఫారం పెట్టినాయన కడియం నర్సరీల్లో పనికి పోయాడు. లేదంటే వానకి ఇంకో అరుగు కిందికి మారాడు, పోలీసులు లేపేశారు, పుష్కరాల పనులని ఘాట్ ఖాళీ చేయించారు.

బీఎల్ఓలని తిట్టి లాభం లేదు. చాలాచోట్ల వాళ్ళు అంగన్‌వాడీ టీచర్లో, సచివాలయం ఉద్యోగులో. ఒంటరిగా ఆడమనిషి రాత్రి పది దాటాక ఘాట్‌కి రావాలంటే ఎవరికైనా టెన్షనే. అందుకని ఫారం ఇచ్చినవాళ్ళే ముందుగా ఫోన్ చేసి, ఫలానా రోజు వస్తారా అని అడిగి, తోడు వెళ్ళాలి. దరఖాస్తుదారుకి ఫోన్ లేకపోతే పక్క బడ్డీ యజమాని నెంబరు ఆయన ఒప్పుకుంటే ఇవ్వండి. గుడి వాచ్‌మన్, రిక్షా స్టాండ్ వాళ్ళు “అవునండి, రోజూ ఇక్కడే పడుకుంటాడు” అని చెబితే పని సులువవుతుంది. చోటు మారాల్సి వస్తే ఆ కబురు బీఎల్ఓకి అదే రోజు చేరాలి.

సమస్య: వయసు చూపించే కాగితం లేదు

ఆధార్, పాన్, పదో తరగతి సర్టిఫికెట్ లాంటివాటిలో ఒకటి చాలు. ఏదీ లేకపోతే అధికారి ముందు స్వయంగా హాజరవ్వాలి.

సమస్య: వరదకో, ఏటి కోతకో ఊరు వదిలాం

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు ఏటి మధ్య లంకల జనం గట్ల మీదికి చేరతారు. ఆ కొన్నాళ్ళు ఊళ్ళో లేనంత మాత్రాన ఓటు పోదు, తాత్కాలికంగా దూరంగా ఉండటాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. కోతలో ఇల్లే ఏట్లో కలిసిపోయి వేరేచోట స్థిరపడితే ఫారం 8 ఇచ్చి ఓటు మార్చుకోవాలి. కార్డు కొట్టుకుపోయినా అదే ఫారం. కొత్తగా ఫారం 6 మాత్రం వేయొద్దు. రెండుచోట్ల పేరుండటం చట్టవిరుద్ధం, తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు.

సమస్య: చెరువు గట్టు మీద కాపలా, ఓటేమో సొంతూళ్ళో

భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా కుటుంబాలు ఏళ్ళ తరబడి ఉంటాయి. ఇటుక బట్టీలవాళ్ళు సీజన్‌కి వచ్చి పోతారు. సీజన్ అవగానే వెళ్ళిపోయేవాళ్ళు ఓటు ఊళ్ళోనే ఉంచుకోవడం మంచిది. ఏడాది పొడుగునా గట్టు మీదే ఉంటే ఫారం 8 పెట్టి ఇక్కడికి తెచ్చుకోండి. 2024లో మన పోలింగ్ మే 13న వచ్చింది, బట్టీల పని సాగే రోజులు. దినకూలీలకి కూడా పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం ఉంది. ఇవ్వని యజమానికి జరిమానా 500 రూపాయల లోపే, కాబట్టి దాని భయంతో ఎవరూ సెలవు ఇవ్వరు. బస్సు చార్జీలూ ఎవరూ ఇవ్వరు. రానుపోను ఖర్చు పెట్టుకోలేమనుకుంటే ఓటుని మనిషి ఉన్నచోటికే మార్చడం నయం.

సమస్య: బూత్ దాకా వెళ్ళాక వెనక్కి పంపారు

కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి చెల్లుతాయి. ఓటరు స్లిప్ ఒక్కటే చూపిస్తే చెల్లదు. ఇల్లు లేనివాళ్ళ పేర్లు గైర్హాజరు, వలస, మృతి జాబితాలోకి తేలిగ్గా ఎక్కుతాయి. ఆ జాబితాలో ఉన్నా ఓటు వేయొచ్చు. గుర్తింపు గట్టిగా చూస్తారు, వేలిముద్ర తీసుకుంటారు, అంతే. “నేను చావలేదండి, ఇదిగో కార్డు, ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని పిలవండి” అని అక్కడే నిలబడండి.

సమస్య: జాబితాలో పేరే తీసేశారు

పేరు తీసేయమని ఎవరో ఫారం 7 పెట్టి ఉంటారు, లేదా మీకు పంపిన నోటీసు, లేని తలుపుకి వెళ్ళి తిరిగొచ్చి ఉంటుంది. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఇక్కడ ఉండటం లేదని పేరు తీయడానికి వీల్లేదు. జాబితాలో ఉన్న పేరు మీద అనుమానం వస్తే ముందు నోటీసిచ్చి వినాలని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లో కలెక్టర్‌కి, అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఎన్నికలు దగ్గరికొచ్చాక తెలిసిందా, ముందు ఫారం 6 ఇచ్చేయండి. అభ్యంతరాలకే వారం పోతుంది, నామినేషన్ల గడువు దాటాక ఇక పేరు ఎక్కదు. అప్పీలు ఆ తర్వాతైనా వేసుకోవచ్చు.