బిళ్లలో ఫెర్రైట్ ఎక్కువగా కనిపించినప్పుడు

బేరియం టైటనేట్‌లో కోబాల్ట్ ఫెర్రైట్ కలిపి కాల్చిన మాగ్నెటోఎలక్ట్రిక్ బిళ్ల అది. అయస్కాంత క్షేత్రంలో ఫెర్రైట్ ఆకారం మారుతుంది, ఆ ఒత్తిడికి టైటనేట్ వోల్టేజీ పుట్టిస్తుంది. అందుకే రెంటి పాళ్లు ముఖ్యం. ఘనపరిమాణంలో 30 శాతం ఫెర్రైట్ కలిపితే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాన్ని విశ్లేషించిన ప్రోగ్రాం దాదాపు 40 శాతం అంది.

తూకాన్ని అనుమానించే ముందు చిత్రాన్నే పరిశీలించాను. వెనక్కి చెదిరిన ఎలక్ట్రాన్ల చిత్రంలో బరువైన పరమాణువులున్న చోటు తెల్లగా వస్తుంది. టైటనేట్‌లోని బేరియం పరమాణు సంఖ్య 56, ఫెర్రైట్‌లోని ఇనుముది 26. కాబట్టి టైటనేట్ తెలుపు, ఫెర్రైట్ బూడిద, రంధ్రాలు నలుపు. ప్రోగ్రాం వాడింది నోబుయుకి ఓట్సు 1979లో ప్రచురించిన పద్ధతి; అది మామూలు రూపంలో వెలుగు స్థాయి మీద ఒక హద్దు పెట్టి చిత్రాన్ని రెండుగానే విడదీస్తుంది. రంధ్రాలన్నీ ఫెర్రైట్ ఖాతాలో పడ్డాయి! పైగా చిత్రంలో ఒక మూల మసక.

చిత్రమంతటా వెలుగు ఎలా మారుతోందో చూపే రెండో తరగతి బహుపదిని కనిష్ఠ వర్గాల పద్ధతిలో (తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా) అమర్చి, మసక పోయేలా చిత్రాన్ని దానితో భాగించాను. మచ్చలకు మీడియన్ ఫిల్టర్ సరిపోయింది: అది ప్రతి బిందువుకూ చుట్టుపక్కల విలువల్లో మధ్యదాన్ని పెడుతుంది. చుట్టుపక్కల విలువల సగటు తీసే గౌసియన్ ఫిల్టర్ జోలికి పోలేదు: అది అంచులను అలుకుతుంది, తెలుపు నలుపుల మధ్య లేని బూడిద వలయం పుడుతుంది, అదీ ఫెర్రైటే అనిపిస్తుంది. తర్వాత ఓట్సు పద్ధతినే రెండు హద్దులతో నడిపి, రంధ్రాలను లెక్కలోంచి తీసేశాను. సహజంగా మిగిలిన సన్నని వలయాలను మార్ఫలాజికల్ ఓపెనింగ్ (సన్నని ఆకారాలను చెరిపి, పెద్దవాటిని ఉంచే ప్రక్రియ) తుడిచేసింది.

వాటా 30 దగ్గరకు దిగింది. అయినా ఒక్క చిత్రాన్ని నమ్మను. బిళ్లలో వేర్వేరు చోట్ల తీసిన వాటి సగటే రాసుకుంటున్నాను.