ఆఖరిసారి ఎగిరే పాత యుద్ధవిమానాన్ని చూడబోయేవారికి

ఇంగ్లండ్‌లోని ఓల్డ్ వార్డెన్‌లో ఉన్న షటిల్‌వర్త్ విమాన మ్యూజియంలో 2015 అక్టోబరు 4న బ్రిటన్‌కు చెందిన పాత జెట్ బాంబర్ (బాంబులు వేసే యుద్ధవిమానం) వల్కన్ ఎక్స్‌హెచ్558 తన ఆఖరి బహిరంగ ప్రదర్శన ఇచ్చింది. అక్కడి రన్‌వే పచ్చికది కావడంతో అంత పెద్ద జెట్ అక్కడ దిగలేదు, గాలిలోనే విన్యాసాలు చేసి వెళ్ళిపోయింది. అందువల్ల ఇలాంటి వీడ్కోలుకు వెళ్ళేవారు ముందుగా తెలుసుకోవలసింది ఒకటే: విమానం అక్కడి నుంచే లేస్తుందా, వేరేచోటి నుంచి వస్తుందా? వేరేచోటి నుంచి వచ్చేదయితే కనిపించేది కొద్ది నిమిషాలే కనుక, టీ కోసం వరుసలో నిలబడే సమయం అది కాదు.

టికెట్టు ముందే కొనుక్కొని, గేట్లు తెరిచే వేళకే చేరుకొని, సూర్యుడు వీపు వెనుక ఉండేలా చోటు చూసుకోండి. లేకుంటే ఫోటోలో నల్లటి నీడ తప్ప మరేమీ మిగలదు. జెట్‌కు కెమెరా షట్టర్ వేగం (ఫోటో తీసేటప్పుడు షట్టర్ తెరుచుకొని ఉండే సమయం) సెకనులో వెయ్యోవంతు పెట్టవచ్చు. ప్రొపెల్లర్ విమానానికి మాత్రం 250వ వంతు దగ్గరకు తగ్గించకపోతే, ప్రొపెల్లర్ రెక్కలు తిరగక ఆగిపోయినట్టు కనిపిస్తాయి.

పిల్లల చెవులకు రక్షణ తప్పనిసరి. వల్కన్ నాలుగు ఒలింపస్ ఇంజిన్ల శక్తి 90 శాతానికి చేరువైనప్పుడు, గాలి పీల్చే మార్గాల నుంచి తోడేలు ఊళలాంటి ధ్వని పుట్టేది. నా మాట వింటే, కనీసం ఒక్క చుట్టు కెమెరా దించి వినండి. గాలివాన వస్తే ప్రదర్శన రద్దు కావచ్చు కాబట్టి, టికెట్టు షరతులు ముందే చదవండి.