అరబ్బీ అక్షరాల పాత పతకాలు – నాలుగో పాఠం: హిజ్రీకి 590 కలపకండి

పోయిన పాఠంలో నక్షత్రం ఆకారంలో ఉన్న ఒక కంచు పతకం ఫొటో ఇచ్చి, కింద ఉన్న హిజ్రీ (ముస్లింల క్యాలెండర్) సంవత్సరాన్ని మన ఇంగ్లీషు లెక్కలోకి మార్చమన్నాను. అంకెలు అందరూ సరిగ్గానే చదివారు, 1299. ఆ తర్వాతే గాడి తప్పింది. మిర్యాలగూడ నుంచి, నారాయణపేట నుంచి, అచ్చంపేట నుంచి వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకటే అంకె: 1889. అంటే 1299కి 590 కలిపేశారు. వనపర్తి ఆయన ఇంకో అడుగు ముందుకేసి, "పైన ఇంగ్లీషులో 1882 ఉంది, కింద 1889 వస్తోంది, కాబట్టి ఇది నకిలీ" అని తేల్చేశారు. తన దగ్గరున్న అలాంటి నక్షత్రాన్నే పాత సామాన్ల వాళ్లకు తూకానికి వేద్దామనుకుంటున్నారట. దయచేసి ఆగండి. మీది నకిలీ అనడానికి ఆ తేడా సాక్ష్యమే కాదు.

ఈ 590 ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఇళ్లలోని పాత పట్టా కాగితాలు ఎక్కువగా ఫసలీ (భూమి శిస్తు సంవత్సరం) లెక్కలోనే ఉంటాయి. 1364 ఫసలీకి 590 కలిపితే 1954, అదే ఖాస్రా పహాణీ (భూముల రికార్డు) ఏడాది. ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. అందుకే తుగ్రాల (సుల్తానుల అల్లిక సంతకాల) పాఠం వచ్చేసారికి వాయిదా వేసి, ముందు ఈ చిక్కు విప్పుతాను.

దక్కన్‌లో షాజహాన్ కాలంలో 1636లో ఫసలీ మొదలైంది. అప్పుడు నడుస్తున్న హిజ్రీ అంకె 1046నే దానికి తీసుకున్నారు. 1636లోంచి 1046 తీసేస్తే 590. అంటే ఆ రోజు రెండు లెక్కలూ ఒకటే. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. ఫసలీ శిస్తు కోసం పెట్టిన లెక్క కాబట్టి పంటలతో పాటు, సూర్యుణ్ని బట్టి నడిచింది. హిజ్రీ చంద్రుణ్ని బట్టి నడుస్తుంది, ఏడాదికి 354 రోజులో 355 రోజులో. రంజాన్ ఒకప్పుడు ఎండాకాలంలో, ఒకప్పుడు చలికాలంలో వచ్చేది ఇందుకే. మన 32 ఏళ్లలో హిజ్రీకి 33 ఏళ్లు గడుస్తాయి. కాబట్టి హిజ్రీకి ఒకే అంకె కలిపే పద్ధతి ఏదీ పనిచేయదు.

పనిచేసేది ఇది: హిజ్రీ అంకెలో నూటికి మూడు తీసేసి, 622 కలపండి. 1299లో నూటికి మూడు అంటే సుమారు 39. మిగిలింది 1260. 622 కలిపితే 1882. నక్షత్రం పైన ఉన్నదీ అదే. ఇంతకీ అది ఈజిప్టు ఖదీవ్ (పాలకుడు) తౌఫీక్ ఇచ్చిన నక్షత్రం, 1882 యుద్ధంలో పాల్గొన్న సైనికులకు ఇచ్చింది. అందులో భారత సైనికులూ ఉన్నారు. నడుమ స్ఫింక్స్, దాని వెనక పిరమిడ్లు, వెనకవైపు కిరీటం కింద ఖదీవ్ పొడి అక్షరాలు. ఈ నక్షత్రాన్ని పేరు చెక్కకుండానే ఇచ్చారు. మీ దాని మీద పేరు కనిపిస్తే తర్వాత ఎవరో చెక్కించుకున్నదని ముందు అనుమానించండి. దీనితో పాటు వచ్చే బ్రిటిష్ వెండి పతకం అంచు మీద మాత్రం సైనికుడి పేరు, దళం ఉంటాయి. రెండూ ఒకే ఇంట్లో దొరికితే విడదీసి అమ్మకండి. జతగా ఉంటేనే ధర.

క్రిమియా యుద్ధానికి టర్కీ సుల్తాను ఇచ్చిన పతకం మీద 1271 ఉంటుంది. లెక్క వేస్తే 1855కి ఒక్క పిసరు తక్కువ వస్తుంది, పతకం మీద ఇంగ్లీషులో 1855 ఉంటుంది. హిజ్రీ ఏడాది మన రెండేళ్ల మధ్య పడుకుంటుంది కాబట్టి ఒక ఏడాది అటూ ఇటూ తేడాకు టెన్షన్ పడొద్దు. ఆరేడేళ్లో అంతకన్నా ఎక్కువో తేడా వస్తే మాత్రం మీరు 590 కలిపారేమో చూసుకోండి.

నిజాం నాణేల మీద ఇంకో అంకె చాలామందిని తికమక పెట్టింది, 92. అది సంవత్సరం కాదు. అక్షరాలకు అంకెలు కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పేరు విలువ అది: మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4. దాన్ని వదిలేసి నాలుగంకెల సంవత్సరం వెతకండి. నాణెం మీది చార్మినార్ బొమ్మ గుమ్మంలో ఐన్ అక్షరం ఉంటే అది ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది, మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలంది. నేనైతే అక్షరాల జోలికి పోకముందే అంకెలు, ఆ గుమ్మం చూస్తాను. ఫోన్ టార్చి పక్కనుంచి వాలుగా పట్టుకుంటే అరిగిన గీతలు కూడా లేస్తాయి.

దేవరకొండ నుంచి వచ్చిన "పతకం" పతకం కాదు, నిజాం రూపాయికి అవుసుల దుకాణంలో కొక్కెం అతికించింది. "జర్బ్" (ముద్రించింది అని) అన్న మాట, ఊరి పేరు, "యక్ రూపయా" అని విలువ ఉంటే అది నాణెం. 1330లు, 1340ల హిజ్రీ నాటి రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు. అంటే దాదాపు 9.14 గ్రాముల వెండి. కొక్కెం అతికాక సేకరించేవాళ్లు పెద్దగా ముట్టుకోరు కాబట్టి ఆ వెండి ధరే ఇంచుమించు దాని ధర. కొక్కెం ఊడబీకినా అతుకు మచ్చ పోదు. చింతపండుతో తోమిన వాటి సంగతీ అంతే. నలుపుతోనే ఉంచండి.

అభ్యాసం: 1271, 1314, 1329, 1355. నాలుగింటినీ సరైన లెక్కలోనూ, 590 కలిపిన తప్పు లెక్కలోనూ వేసి, తేడా ఏటేటా ఎలా పెరుగుతోందో రాయండి. 1329 ఏ నిజాం గద్దెనెక్కిన ఏడాదో చెప్పండి. ఇంట్లో పాత పహాణీ నకలు ఉంటే దాని మీది ఫసలీని కూడా మార్చి పక్కన పెట్టండి. జవాబుతో పాటు కూడిక, తీసివేత కనిపించాలి. ఉత్త జవాబు పంపితే చూడను.