రొమ్ము ఇంప్లాంట్ ఫలితం నచ్చనప్పుడు: రెండో ఆపరేషన్‌కు ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ వెళ్లి, ఇంప్లాంట్లు (సిలికాన్ జెల్ గానీ, సెలైన్ అనే ఉప్పునీరు గానీ నింపిన సంచులు) పెట్టి రొమ్ముల పరిమాణం పెంచే ఆపరేషన్ చేయించుకుని నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో తిరిగి వచ్చాక, కొన్ని వారాలకు అద్దంలో చూసుకుంటే అనుకున్నది కనబడదు. ఒకటి పైకి, ఇంకొకటి కిందికి ఉంటుంది. లేదా చేతికి గట్టిగా తగులుతుంది. లేదా పెట్టిన డబ్బుకు వచ్చిన తేడా ఇంతేనా అనిపిస్తుంది. అప్పుడు చాలామంది ఫోనులో కనిపించిన ఇంకో క్లినిక్‌కు ఫోను చేసి, సరిచేయించుకోవడానికి తేదీ తీసుకుంటారు. ఆ తేదీ తీసుకునే ముందు చూసుకోవాల్సినవి ఇవి.

ఆగకూడని సందర్భాలు

ఆకారం నచ్చకపోవడం వేరు, ప్రమాదం వేరు. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో ఒక వైపు రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బి, బిగుసుకుపోయి, నొప్పి పెరుగుతుంటే లోపల రక్తం చేరుతోందని అనుమానించాలి. జ్వరం, చర్మంపై ఎరుపు పాకడం, కుట్ల నుంచి చీము, కుట్లు విడిపోవడం ఇన్‌ఫెక్షన్ గుర్తులు. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. వెంటనే 108కు ఫోను చేయాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండుచోట్లా మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులు ఉన్నాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లాలని వంద కిలోమీటర్లు పరుగెత్తకుండా, ముందు అక్కడ చూపించుకుని సర్జన్‌తో ఫోనులో మాట్లాడించండి.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని రెండు రోజులు చూద్దాంలే అనుకోవడం మన దగ్గర బాగా అలవాటు. ఇంప్లాంట్ చుట్టూ చీము పట్టినప్పుడు ఆ సూదితో జ్వరం దిగుతుంది గానీ చీము పోదు. పైగా లక్షణాలు మరుగునపడి అసలు చికిత్స ఆలస్యమవుతుంది.

దీని వెనుక తరచుగా ఉండేది దాపరికం. ఏదో గడ్డ తీయించుకున్నానని ఇంట్లో చెప్పి ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లు, రాత్రి రెండు గంటలకు చలిజ్వరం వస్తే ఎవరిని లేపుతారు? ఊరంతటికీ చెప్పనక్కర్లేదు. అక్కో, వదినో, స్నేహితురాలో, ఒక్కరికైనా అసలు సంగతీ సర్జన్ నంబరూ తెలిసి ఉండాలి. ఇక డాక్టరు దగ్గర దాపరికం అసలే పనికిరాదు. లోపల ఇంప్లాంట్ ఉందని తెలియక నీరు తీయడానికి సూది గుచ్చితే దానికి చిల్లు పడవచ్చు.

ఆరు నెలల లోపు తీర్పు చెప్పుకోవద్దు

ఛాతీ కండరం కింద పెట్టిన ఇంప్లాంట్‌ను ఆ కండరం మొదట్లో పైకి నొక్కి పట్టుకుంటుంది. కండరం సడలే కొద్దీ అది నెమ్మదిగా కిందికి దిగి తన చోట కుదురుకుంటుంది. ఇందుకు మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రెండు వైపులా ఒకే వేగంతో జరగదు కాబట్టి రెండో నెలలో కనిపించే ఎగుడుదిగుడు ఆరో నెలకు ఉండకపోవచ్చు. మచ్చ ఎరుపు తగ్గి పాలిపోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాలి. చనుమొనల దగ్గర తిమ్మిరి కొందరికి నెలల్లో పోతుంది, కొందరికి ఉండిపోతుంది. అత్యవసరం కాని సవరణ ఆపరేషన్లను సర్జన్లు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాయిదా వేసేది అందుకే. మూడో వారంలోనే సరిచేస్తామని ముందుకొచ్చే క్లినిక్ మీ తొందరను సొమ్ము చేసుకుంటోందని నా అనుమానం.

ఈలోగా రోజూ అద్దం ముందు నిలబడవద్దు. నెలకోసారి అదే గోడ ముందు, అదే వెలుతురులో, చేతులు కిందికి వదిలి ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కొక్కటి ఫొటో తీసుకుంటే మార్పు తెలుస్తుంది. ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రిలో తీసిన ఫొటోల కాపీ కూడా అడగండి. దాదాపు అందరు ఆడవాళ్లకూ రెండు రొమ్ముల మధ్య ఎంతో కొంత తేడా ముందు నుంచే ఉంటుంది, ఆపరేషన్ తర్వాతే మన కన్ను దాని మీద పడుతుంది. ఈ ఫొటోలను ఫోనులో తాళం వేసిన ఫోల్డరులో దాచండి. పరిశీలిస్తాం పంపమని వాట్సాప్‌లో అడిగే ముక్కూమొహం తెలియని సలహాదారులకు ఒక్కటి కూడా పంపవద్దు. అవి ఎవరి చేతుల్లో పడతాయో, తర్వాత దేనికి వాడతారో మీ అదుపులో ఉండదు.

లోపం ఏమిటో తేలాలి

ఇంప్లాంట్ చుట్టూ శరీరం ఒక పొర కట్టుకుంటుంది. అది మామూలే. ఆ పొర మందమై బిగిస్తేనే చిక్కు. డాక్టర్లు దీన్ని నాలుగు స్థాయిలుగా చూస్తారు: మెత్తగా ఉంటే మొదటిది, చేతికి కాస్త గట్టిగా తగిలితే రెండోది, ఆకారం మారి కంటికే తెలిస్తే మూడోది, నొప్పి కూడా ఉంటే నాలుగోది. సాధారణంగా ఆపరేషన్ మాట వచ్చేది మూడు, నాలుగు స్థాయిల్లోనే. గట్టిగా పిసికి ఆ పొరను పగలగొడతామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఆ పద్ధతిని వైద్యులు ఎప్పుడో వదిలేశారు, ఇంప్లాంట్ పగిలే ప్రమాదం ఉంది. సర్జన్ చెప్పనిదే నూనె మర్దన వద్దు, మానని కుట్ల మీద పసుపూ వద్దు. ఆపరేషన్ లేకుండా ఫిల్లర్ (నిండుదనం కోసం చర్మం కింద ఎక్కించే మందు) ఇంజెక్షన్‌తో సరిచేస్తామనే మాటనూ నమ్మవద్దు.

సెలైన్ ఇంప్లాంట్ పగిలితే ఆ వైపు రొమ్ము చదునైపోతుంది కాబట్టి తెలిసిపోతుంది. సిలికాన్ జెల్ పగిలితే చాలాసార్లు ఏ గుర్తూ ఉండదు, స్కానింగ్‌లోనే బయటపడుతుంది. అందుకే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సిలికాన్ పెట్టించుకున్నవారికి అయిదారేళ్లకు మొదటి ఎంఆర్ఐ లేదా అల్ట్రాసౌండ్, ఆపైన రెండు మూడేళ్లకోసారి మళ్లీ తీయించమంటోంది. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావన్న హెచ్చరికను కూడా 2021లో తప్పనిసరి చేసింది. మొదటి ఆపరేషన్‌కు ముందు ఈ మాట మీకెవరూ చెప్పకపోతే, అక్కడ మీకు అందాల్సిన సమాచారం అందలేదన్నమాటే.

ఏళ్లు గడిచాక ఒక వైపు కొత్తగా వాపు వస్తే అందాన్ని పక్కన పెట్టి పరీక్షకు వెళ్లాలి. అరుదే గానీ, ఇంప్లాంట్ చుట్టూ పొరలో లింఫోమా అనే క్యాన్సర్ రావచ్చు. ముఖ్యంగా గరుకు ఉపరితలం ఉన్న వాటితో దీనికి సంబంధం కనిపించడంతో 2019లో అలెర్గాన్ సంస్థ బయోసెల్ రకం ఇంప్లాంట్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. వాపు నీరు తీసినప్పుడు పారబోయకుండా ల్యాబుకు పంపమని అడగండి.

కాగితాలు

మీ ఒంట్లో ఏముందో మీ దగ్గర రాసి ఉందా? తయారీ సంస్థ, మోడల్, ఎన్ని సీసీలు, సీరియల్ నంబరు, నున్నటిదా గరుకుదా అనే వివరాలు ఇంప్లాంట్ డబ్బాలోని స్టిక్కరు మీద ఉంటాయి. దాన్ని కేస్ షీటులో, రోగికి ఇచ్చే కార్డు మీద అతికించాలి. కండరం పైన పెట్టారా కిందా, కోత ఎక్కడ అనేవి ఆపరేషన్ నోట్సులో ఉంటాయి. ఇవి లేకుండా రెండో సర్జన్ చీకట్లో చేయి పెట్టినట్టే. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. రశీదు లేకుండా నగదు కట్టి ఉంటే ఇప్పుడైనా బిల్లు అడగండి.

నిర్లక్ష్యం జరిగిందనిపిస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, హైదరాబాద్ చుట్టూ తిరగనక్కర్లేదు. గడువు రెండేళ్లు, కాబట్టి ఆరు నెలలు ఆగినందువల్ల హక్కు పోదు. అయితే ఫలితం నచ్చకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కిందికి రాదు. చేయాల్సిన విధంగా చేయలేదని, చెప్పాల్సిన ప్రమాదాలు చెప్పలేదని చూపించాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

కోపం ఎంత ఉన్నా మొదటి సర్జన్‌ను ఒకసారి అడగడం మంచిది. లోపల ఏం చేశారో ఆయనకే తెలుసు. ఉచితంగా సరిచేస్తామంటే, ఏది ఉచితమో రాయించుకోండి. తరచుగా సర్జన్ ఫీజు ఒక్కటే మినహాయించి మత్తుమందు, థియేటర్, కొత్త ఇంప్లాంట్ల ఖర్చు మీ మీదే వేస్తారు. అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా మామూలుగా వర్తించదు. మొదటిసారి కుదవపెట్టిన బంగారం ఇంకా విడిపించుకోకపోతే, రెండోసారి అప్పు చేసే ముందు ఒక్కసారి ఆలోచించండి.

రెండో అభిప్రాయం ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే ప్రత్యేక డిగ్రీ చేసినవారి దగ్గరే తీసుకోండి. 'కాస్మెటిక్' అన్న బోర్డు అర్హత కాదు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తెలంగాణ వైద్య మండలిలో సరిచూసుకోవచ్చు. ఖర్చు లేకుండా మాట వినాలంటే ఉస్మానియా ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. రెండోసారికి చర్మం పలచబడి, లోపల మచ్చ కట్టి ఉంటుంది. దుష్ఫలితాల అవకాశం మొదటిసారి కంటే ఎక్కువ. ఆ సంగతి దాచకుండా చెప్పి, అవసరమైతే చేయనని అనగల డాక్టరు మాటకు విలువ ఇవ్వండి. ఇంప్లాంట్లు తీసేయించుకోవడం కూడా ఒక దారే, కాకపోతే చర్మం కొంత వేలాడుతుంది.

ఇంకొకటి. నచ్చనిది మీకా, ఇంట్లో మరొకరికా? భర్త మాట మీదనో, ఎవరో అన్న వెటకారం మీదనో కత్తి కిందికి వెళ్లవద్దు. రోజులో గంటలకొద్దీ ఆ ఒక్క లోపమే కళ్లముందు మెదులుతూ నిద్ర పట్టకపోతే, ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

తేదీ ఖాయం చేసే ముందు

పిల్లల సెలవులు కదా అని మే నెల పెట్టుకోవద్దు. మన జిల్లాల ఎండలో, వారాల తరబడి రాత్రింబవళ్లూ బిగుతు సర్జికల్ బ్రా వేసుకుంటే రొమ్ము కింది మడతలో చెమట నిలిచి చర్మం ఒరుస్తుంది, కరెంటు పోతే ఇక చెప్పనక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మేలు. కానీ పత్తి ఏరే ఇంట్లో అదే పని కాలం. మెడకు ఒడి కట్టుకుని చేతులు చాచి పత్తి తీయడం, మూటలెత్తడం సర్జన్ సరేననే దాకా కుదరదు. ఆ కూలీ నష్టం కూడా ఖర్చులో కలుపుకోండి.

గుట్కా, తంబాకు, సిగరెట్ ఏవి ఉన్నా కనీసం నాలుగు వారాల ముందే మానాలి, నికోటిన్ ఉంటే గాయం సరిగా మానదు. షుగరు అదుపులో ఉండాలి. ఆస్పిరిన్ వంటి మాత్రలు, ఆయుర్వేద మందులు వాడుతుంటే సర్జన్‌కు చెప్పండి. పాలిస్తున్నా, ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నా ఆపరేషన్ వాయిదా వేయండి. కాన్పు తర్వాత ఆకారం మళ్లీ మారుతుంది.

ఆపరేషన్ అయిన రోజే బస్సెక్కి వచ్చేయవద్దు. నాలుగు రోజులు హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో ఉండే ఏర్పాటు ముందే చూసుకోండి. లోపల చేరే రక్తం, నీరు బయటికి పోవడానికి డ్రెయిన్ పైపులు వేసి ఉంటే అవి తీసేదాకా అక్కడే ఉండి, తర్వాత కారులో రండి.