అరబ్ దేశాల ప్రభుత్వ డేటాతో పని పడితే ఇలా మొదలుపెట్టండి

ముందుగా ఒక మాట. పోర్టల్ (ప్రభుత్వం తన డేటా ఉంచే వెబ్‌సైట్) ఉన్నంత మాత్రాన డేటా ఉన్నట్టు కాదు. మొరాకో 2011లోనే ఓపెన్ డేటా పోర్టల్ తెరిచింది, ఇప్పుడు సౌదీ, ఖతార్, బహ్రెయిన్, యూఏఈ, ట్యునీషియా, జోర్డాన్‌లకూ ఉన్నాయి. అందుకే హోమ్ పేజీలో "ఇన్ని డేటాసెట్లు" అని రాసిన అంకె వదిలేసి, మీకు కావలసిన ఫైల్ ఒక్కటి తెరిచి చూడండి: చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు, సీఎస్‌వీనా (ఎక్సెల్‌లో పట్టికగా తెరుచుకునే ఫైల్), స్కాన్ చేసిన పీడీఎఫ్‌నా, లైసెన్స్ ఏమంటోంది.

ఫైల్ దొరికాక అసలు పని మొదలవుతుంది. అక్షరాలు పిచ్చి గుర్తుల్లా కనిపిస్తే కంగారు పడకండి, ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్ దాచే పద్ధతి) దగ్గర యూటీఎఫ్-8 బదులు అరబిక్ కోసం వాడే విండోస్-1256 ఎంచుకుని మళ్లీ తెరవండి, చాలాసార్లు సరిపోతుంది. అంకెల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. గల్ఫ్ ఫైళ్లలో కొన్నిచోట్ల అరబిక్ అంకెలు ఉంటాయి, వాటిలో సున్నా ఒట్టి చుక్క, ఐదేమో అచ్చం సున్నాలా గుండ్రంగా ఉంటుంది, కంటితో చూసి టైప్ చేశారంటే 50 కాస్తా తప్పు అంకె అయిపోతుంది. మొరాకో, ట్యునీషియాల్లో ఈ బాధ లేదు, వాళ్లు రాసేది మామూలు 1, 2, 3లే.

నెలల పేర్లు ఇంకో చిక్కు. జనవరిని ఈజిప్టులో యనాయిర్ అంటారు, సిరియా, లెబనాన్‌లలో కానూన్ అథ్థానీ, ట్యునీషియాలో జాన్ఫీ. రెండు దేశాల ఫైళ్లు కలిపే ముందే నెలలన్నీ అంకెల్లోకి మార్చేయండి. సౌదీ పాత ఫైళ్లలో హిజ్రీ (ఇస్లామిక్ చాంద్రమాన క్యాలెండర్) సంవత్సరాలు వస్తాయి: 1440 అంటే 2018 సెప్టెంబర్ నుంచి 2019 ఆగస్టు దాకా. హిజ్రీ ఏడాదికి 354 లేదా 355 రోజులే కాబట్టి దాని మొత్తాన్ని మామూలు ఏడాది మొత్తం పక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనకండి, అది అన్యాయం.

కావలసింది పోర్టల్‌లో లేకపోతే చట్టం ప్రకారం అడగండి. ట్యునీషియా 2016 నాటి 22వ చట్టం కింద ఎవరైనా అడగొచ్చు, జవాబుకు గడువు 20 రోజులు. మొరాకో 31-13 చట్టం ఆ హక్కును పౌరులకు, అక్కడ చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకే ఇచ్చింది, కాబట్టి అక్కడున్న ఒకరిని తోడు తీసుకోండి. దరఖాస్తు అరబిక్‌లో గానీ ఫ్రెంచ్‌లో గానీ రాయండి, ఏ శాఖ, ఏ సంవత్సరాలు, ఏ పట్టిక కావాలో పేరు పెట్టి అడగండి, సీఎస్‌వీలోనే కావాలని మొదటి లైన్‌లోనే చెప్పండి.