మాఫ్‌లు నేర్చుకుందాం - 3వ భాగం: గదులు ఖాళీ చేయడం

మాఫ్ అంటే మెటల్-ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్, లోహ అయాన్లని కర్బన అణువులతో కలిపి కట్టిన, లోపల సన్నటి ఖాళీ గదులుండే పదార్థం. పోయిన భాగంలో కాపర్ నైట్రేట్, ట్రైమెసిక్ యాసిడ్ (గదులు కట్టే కర్బన అణువు ఇదే) డీఎంఎఫ్ అనే సాల్వెంటు, ఇథనాల్, నీళ్లు కలిపిన దాంట్లో వేసి 85 డిగ్రీల దగ్గర ఉంచి ఒక రాగి మాఫ్, హెచ్‌కేయూఎస్‌టీ-1 చేశాం కదా, ఆ లేత నీలం పొడి మీ దగ్గర ఉందనుకుని మొదలెడుతున్నా. అది చూడగానే క్యాటలిస్ట్ (రియాక్షన్‌ని త్వరగా నడిపించే పదార్థం) రెడీ అనుకుంటారు చాలామంది, కాదండి. శ్లాబు పోశారు గానీ సెంట్రింగ్ ఇంకా విప్పలేదు, గదుల నిండా సాల్వెంటే ఉంది.

లోపల ఎలా ఉంటుందంటే, రెండేసి రాగి అయాన్లు పక్కపక్కన, వాటిని నాలుగు వైపులా నాలుగు కార్బాక్సిలేట్లు (ట్రైమెసిక్ యాసిడ్ కొసలు) పట్టుకుని ఉంటాయి. ఒక్కో రాగికి గదిలోకి చూసే వైపు ఒక నీటి అణువు కూర్చుని ఉంటుంది. మనకి కావాల్సిన సీటు అదే! అది లేస్తే రాగి ఎలక్ట్రాన్ జంట కోసం ఎదురుచూస్తుంది, అంటే లూయిస్ యాసిడ్ అయినట్టు, లోపలికొచ్చిన అణువు ఆ సీట్లో కూర్చుంటేనే రియాక్షన్. ఖాళీ చేసినా గోడలు కూలవని, గ్యాస్ లోపలికి పోయి మళ్లీ బయటికి వస్తుందని 1997లో జపాన్ శాస్త్రవేత్త సుసుము కితగావా చూపించారు, 2025 కెమిస్ట్రీ నోబెల్ ముగ్గురిలో ఆయనొకరు. నాకైతే ఈ సబ్జెక్టులో అన్నిటికంటే అందమైన విషయం ఇదే.

ఇప్పుడు పని. పొడిని మెథనాల్‌లో నానబెట్టి, రోజుకి రెండుసార్లు పైనున్నది వంచేసి కొత్తది పోస్తూ మూడు రోజులు ఉంచండి, ఫ్యూమ్ హుడ్‌లోనే, మెథనాల్ విషం. డీఎంఎఫ్ 153 డిగ్రీలకి గానీ మరగదు, మెథనాల్ 65కే మరుగుతుంది, బరువైన దాన్ని తేలికైన దానితో మార్చుకుంటున్నాం అంతే. ఈ స్టెప్పు మాత్రం ఎగ్గొట్టొద్దు ప్లీజ్.

తర్వాత వ్యాక్యూమ్ పెట్టి మెల్లగా 150 డిగ్రీల దాకా తీసుకెళ్లి రాత్రంతా వదిలేయండి. ఒకేసారి వేడి పెంచితే పొడి ఎగిరి పంపు లైన్లోకి పోతుంది, మూతి దగ్గర కొంచెం గ్లాస్ ఊల్ దూర్చండి. మల్కాపురం రిఫైనరీలో నూనె క్రాకింగ్‌కి వాడే జియోలైట్ (ఇలాగే సన్న రంధ్రాలుండే ఖనిజం) 700 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది గానీ మనది 300 దగ్గరే విరిగిపోతుంది, కాబట్టి తొందరపడి వేడి పెంచొద్దు. పొద్దున చూస్తే లేత నీలం పోయి ఊదా కలిసిన సిరా రంగు వచ్చి ఉంటుంది, నీళ్లు లేచిపోయాయని చెప్పేది ఆ రంగే.

వైజాగ్ వాళ్లకి ఒక్క మాట. బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం విప్పి కబుర్లలో పడితే ఎంతసేపట్లో మెత్తబడుతుందో తెలుసుగా, ఈ పొడి దానికంటే ఘోరం. ఒక ఆగస్టులో ఏసీ పనిచేయని గదిలో నేను వయల్ మూత తీసి బరువు చూసుకుంటూ ఉండిపోయా, పైనుంచి కిందికి రంగు పాలిపోతూ వచ్చింది, ఆ పొడితోనే రియాక్షన్ పెట్టి అది నడవకపోతే రెండు వారాలు రీఏజెంట్‌ని అనుమానించా. చల్లారాక ఆర్గాన్ నింపి, మూత బిగించి, డెసికేటర్‌లో పెట్టండి.

రంగుతో సరిపెట్టుకోకుండా బరువు కూడా చూడండి. ఫార్ములాలో మూడు రాగి అయాన్లకి ఉన్న మూడు నీటి అణువులే మొత్తం బరువులో 8.2 శాతం, గదుల్లో ఉన్న సాల్వెంటు దానికి అదనం, అంటే తగ్గింది 8 శాతం కూడా లేదంటే సీట్లు ఖాళీ అవనట్టే, మళ్లీ పెట్టాలి. బాగా ఖాళీ అయిన గ్రాము పొడిలో దాదాపు 5 మిల్లీమోల్ రాగి ఉంటుంది, లోపలి ఉపరితలం 1500 చదరపు మీటర్ల దాకా వస్తుంది, మన లెక్కలో సుమారు 1800 గజాలు, మధురవాడలో 200 గజాల ప్లాట్లు తొమ్మిది!

వచ్చే భాగంలో 100 మిల్లీగ్రాములు తీసుకుని ఆల్ఫా పైనీన్ ఆక్సైడ్ అనే కర్బన పదార్థం మీద క్యాటలిస్ట్‌గా పెడదాం, అంటే అర మిల్లీమోల్ రాగి. అప్పటిదాకా ఆ మూత తియ్యకండి.